అప్పిచ్చిన పచ్చదీపం

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఓడ మీద ఎవరికీ తెలియదు. జీతాలిచ్చే గుమాస్తాకి తెలిసే ఉండాలి, కానీ ఆయన కూడా "పట్టకారూ, ఇలా రా" అనే పిలిచేవాడు. ఆ పేరు పైపుల యార్డులో వచ్చింది. వెల్డరుగా చేరిన కొత్తల్లో ఒక క్రేన్ డ్రైవరు అతని అన్న గురించి ఏదో కూశాడు. ఏం కూశాడో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఇతను నిచ్చెనెక్కి వెళ్ళి డ్రైవరు చెవి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఇక వదల్లేదు. నలుగురు నడుం పట్టుకుని లాగారు, నెత్తిన బక్కెట్టు నీళ్ళు కుమ్మరించారు, వీపు మీద కర్రతో బాదారు. చెవి సగం చేతిలోకి ఊడొచ్చాకే వదిలాడు. దాన్ని తనకి సంబంధం లేని వస్తువులా ఒకసారి చూసి, కింద పడేసి, మళ్ళీ వెళ్ళి వెల్డింగు చేసుకున్నాడట.

అలాంటి మనిషికి చివరికి దొరికిన ఉద్యోగం కూడా పట్టుకోవడమే. సముద్రం అడుగున గ్యాసు పైపులు పరిచే ఓడలో, పైపుని పట్టుకునే యంత్రం నడిపేవాడు.

ఈ పని తెలియనివాళ్ళు పైపు వేయడమంటే నూతిలోకి చేద వదలడం అనుకుంటారు. కాదు. ఓడ కడుపులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక వరస ఉంటుంది. ముందు పైపు ముక్కని ముక్కకి అతికేవాళ్ళు, వాళ్ళ తర్వాత పట్టే యంత్రం, తర్వాత అతుకులో పగులుందేమో చూసేవాళ్ళు, చిట్టచివర అతుకు మీద తుప్పు పట్టకుండా పూత వేసేవాళ్ళు. అక్కడి నుంచి పైపు ఇనప రోలర్ల మీదుగా జారి ఓడ వెనక సముద్రంలోకి దిగుతుంది. అడుగు తగిలే దాకా అదంతా నీళ్ళలో వేలాడుతూనే ఉంటుంది. ఆ బరువంతా మోసేది పట్టే యంత్రమే. పైనుంచీ కిందనుంచీ రబ్బరు దిమ్మల పట్టీలు పైపుని అదిమి పట్టుకుంటాయి. పట్టు జారితే పైపు మొత్తం సముద్రంలోకి దూసుకుపోతుంది. దాని దారిలో చెయ్యి ఉంటే చెయ్యి, తల ఉంటే తల పోతుంది.

అందుకని ఒక కట్టుబాటు. ప్రతి చోటా ఒక మీట ఉంటుంది. తన పని అయ్యాక ఎవడి మీట వాడు నొక్కితే, యంత్రం గదిలో ఆ చోటి పచ్చదీపం వెలుగుతుంది. దీపాలన్నీ వెలిగితే ఓడ ఒక పైపు పొడుగు ముందుకి జరుగుతుంది, పట్టకారు పట్టు సడలించి అంత మేర పైపుని వెనక్కి వదులుతాడు. దాన్నే లాగుడు అంటారు. ఆ గదిలో కూర్చున్నవాడికి మనుషులు కనబడరు, దీపాలే కనబడతాయి.

మొదట్లో అతను పనిచేసినది పాత బార్జి మీద, లోతు లేని నీళ్ళలో. నాలుగు వైపులా లంగర్లు వేసి, వాటిని చుడుతూ వదులుతూ జరిపేవారు. అక్కడ అతని అన్న పూత మనిషి. అతుకు చుట్టూ ఇనప రేకు చుట్టి, పట్టీతో బిగించి, అందులో మరిగే తారు పోసేవాడు. తారు మరకలు లేని చొక్కా ఆయనకి ఒక్కటీ ఉండేది కాదు. పెళ్ళిలో కూడా మెడ మీద నల్ల మచ్చతోనే ఫొటో దిగాడు. నిదానస్తుడు, నవ్వుల పోగు. పని అయ్యాక రోలరు దూలం మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టేవాడు, టంగు టంగు అని. "అయిపోయింది రా తమ్ముడూ, చేతులు బయట పెట్టుకున్నాను, లాగు" అని ఆ దెబ్బల అర్థం. దీపాలు పెట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. దీపాలు వచ్చాక కూడా ఆయన మానలేదు. తమ్ముడికి దీపం కన్నా సుత్తే నమ్మకం అని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు.

ఇంకో అలవాటు కూడా ఉండేది, అది చేటు అలవాటు. తారు పోసేవాడి చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు, మీటేమో గోడ దగ్గర. అందుకని పక్కవాణ్ని కేకేసేవాడు, "నాది కూడా నొక్కెయ్ రా!" అని. పక్కవాడు నొక్కేవాడు. దీపం అప్పివ్వడం అనేవాళ్ళు దాన్ని. బార్జి మీద ప్రతివాడూ ఇచ్చేవాడు, ప్రతివాడూ పుచ్చుకునేవాడు. ఇవ్వనివాణ్ని పిసినారి కింద కట్టేవాళ్ళు.

అన్న పక్కన పనిచేసేవాడు పట్టకారుకి బావమరిది, అంటే పెళ్ళాం తమ్ముడు. వైరు బ్రష్షుతో అతుకు గీకి శుభ్రం చేసేవాడు. ఆ ఉద్యోగం వేయించింది కూడా అన్నే.

ఆ రోజు దీపాలన్నీ వెలిగాయి. పట్టకారు లాగాడు. అన్న చేతి తొడుగు రేకు పట్టీలో ఇరుక్కుని ఉంది. పైపు కదిలింది, చెయ్యి దానితో పాటు కదిలింది, చేతి వెనక మనిషి కదిలాడు. పైపుకీ రోలరుకీ మధ్య పిడికెడు సందు ఉంటుంది. ఆయన ఛాతీ అందులోంచి వెళ్ళింది. తారు డబ్బా ఒరిగి, మిగిలిన శరీరం మీద మరుగుతున్న తారు పడింది. అరుపు కూడా పూర్తిగా రాలేదని పక్కవాళ్ళు చెప్పారు. పట్టకారు కిందికి పరుగెత్తి వచ్చేసరికి రోలరు మీద అన్న అనదగ్గది ఏమీ లేదు. మీట దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు, వేలు ఇంకా మీట మీదే ఉంది.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్ళు చాలా కాలం చెప్పుకున్నారు. అన్న సుత్తి నేల మీద పడి ఉంది. పట్టకారు దాన్ని తీసుకున్నాడు. బావమరిది "బావా, ఆయనే..." అని నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటి మీదే మొదటి దెబ్బ పడింది. దవడ రెండు చోట్ల విరిగింది. పడ్డవాణ్ని పక్కటెముకల మీద తన్నాడు, జుట్టు పట్టి తల రోలరు దూలానికేసి కొట్టాడు. ఆరుగురు మీద పడితే గానీ ఆగలేదు, ఆ ఆరుగురిలో ఇద్దరు కూడా ఆసుపత్రికే వెళ్ళారు. "ఈ వెధవ మా గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతా" అని అరుస్తూనే ఉన్నాడు, సంకెళ్ళు పడేదాకా.

జైలుకి చూడ్డానికి వచ్చిన భార్య ఊచల అవతల కూర్చుంది. రేవు దుకాణాలకి పని బట్టలు కుట్టే మనిషి ఆమె. వేళ్ళ నిండా సూది పోట్లు. లేచి వెళ్ళబోతూ ఒక్క మాట అంది.

"నీకు అన్న చచ్చిపోయాడు. నాకు తమ్ముడు బతికుండగానే పోయాడు."

విడుదలై వచ్చాక ఆమె అతనికి అన్నం పెట్టింది, బట్టలు కుట్టింది, అవసరమైన మాట మాట్లాడింది. తమ్ముడి ఊసు ఎత్తలేదు. వాణ్ని గుమ్మం తొక్కనివ్వనని అతను వేసిన ఒట్టు అలాగే ఉండిపోయింది. ఇంట్లో నవ్వు మాత్రం మళ్ళీ వినపడలేదు.

ఈలోగా లోకం లోతుకి వెళ్ళింది. ఒడ్డు దగ్గర గ్యాసు తోడేశారు, ఇక నడిసముద్రంలో, వెలుతురు చేరని చోట పైపు పరచాలి. అంత లోతులో లంగరు అందదు. కొత్త ఓడలు లంగరు వేయవు. ఆకాశంలోని ఉపగ్రహాల్ని చూసుకుంటూ, ఓడ అడుగున తిరిగే రెక్కల మరలతో నీళ్ళని తన్నుకుంటూ ఉన్నచోటే నిలబడతాయి. వెల్డరు ముఖానికి అద్దం పెట్టుకుని వంగే రోజులు పోయాయి. పైపు చుట్టూ పట్టా బిగిస్తే దాని మీద చిన్న యంత్రం గిరగిరా తిరుగుతూ అతికేస్తుంది. పగుళ్ళు చూడ్డానికి ఎక్స్‌రే ఫిలిం కడగనక్కర్లేదు, శబ్దాన్ని లోపలికి పంపి ప్రతిధ్వని చూస్తారు. తారు పోయింది. అతుకుని తీగ చుట్టతో ఎర్రగా వేడి చేసి, ఇనప అచ్చు మూసి, కరిగిన ప్లాస్టిక్కు ఎక్కించి, నీళ్ళు కొట్టి చల్లారుస్తారు. కంపెనీవాళ్ళు నున్నటి కాగితాల మీద ఇవన్నీ బొమ్మలు వేసి గొప్పలు పోతారు. పోనివ్వండి, గొప్పవే. కానీ అందులో ఒకటి మాత్రం బొమ్మల్లో కనబడదు. కొత్త ఓడ మీద మీట ఒకటి కాదు, రెండు. పసుపు గీత అవతల నిలబడి, రెండు అరచేతులతో రెంటినీ ఒకేసారి నొక్కి ఉంచితేనే దీపం వెలుగుతుంది. ఎవడి చేతులూ పైపు దగ్గర ఉండకూడదని, ఎవడూ ఎవడికీ దీపం అప్పివ్వకూడదని. పట్టకారు అన్నలాంటివాళ్ళు ఎంతమంది రోలర్ల మధ్య నలిగితే ఆ రెండో మీట వచ్చిందో ఏ ఇంజినీరూ రాసిపెట్టలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కొత్త ఓడకి పట్టకారుని పిలిచి మరీ తీసుకున్నారు. ఆ యంత్రం మీద కూర్చునేవాళ్ళు తక్కువ, జైలు సంగతి ఎవరూ అడగలేదు. పని బాగానే సాగుతోంది. అప్పుడొక రోజు హెలికాప్టరు దిగింది, అందులోంచి పూత పనికి కొత్త మనిషి దిగాడు. దవడ ఒక పక్కకి జారి, నోరు ఏటవాలుగా ఉంది. ఓడ మీద గంటలోపే వంకరమూతి అని పేరు పడింది. ఎవరి చేతి పనో తెలియడానికి రెండో గంట పట్టింది.

భోజనాల గదిలో ఎదురుపడ్డారు. పట్టకారు ప్లేటు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. వంకరమూతి లేచి, గోడకి ఆనుకుని, ఒక చేత్తో దవడ కప్పుకున్నాడు.

"నువ్వున్నావని తెలీదు బావా. తెలిస్తే ఎక్కేవాణ్ని కాదు."

బావా అన్న మాట చెవిన పడటమే తడవు, ప్లేటు ఎగిరింది, బల్ల తిరగబడింది. వాళ్ళని విడదీసేసరికి పట్టకారు బొటనవేళ్ళు వంకరమూతి గొంతులో దిగబడి ఉన్నాయి, అతను కళ్ళు తేలేశాడు. వంటవాడు మరుగుతున్న సూపు గరిటె వీపున వేస్తే గానీ పట్టు సడలలేదు. కెప్టెను ఇద్దర్నీ నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ఇంకోసారి జరిగితే ఇద్దరూ ఒడ్డుకే అన్నాడు. ఫోర్‌మన్‌కి మాత్రం మనుషుల కొరత. ఒకడు యంత్రం గదిలో, ఇంకొకడు ఓడ చివర, మధ్యలో ఓడ పొడుగంతా ఉంది కదా, ఇంకేం భయం అన్నాడు.

పట్టకారు ఆ మాట విని పళ్ళు బయటపెట్టి నవ్వాడు. అందరూ వింటుండగానే అన్నాడు.

"వాడు ఉండేది పైపు ఆ చివర. ఈ చివర లివరు నా చేతిలో. ఏదో ఒక లాగుడుకి దొరక్కపోడు."

అప్పట్నుంచీ ఓడ మీద ఎవరూ ఆ లాగుడు వస్తుందా రాదా అని అడగలేదు, ఎప్పుడు వస్తుందా అనే చూశారు. వంకరమూతి మీటలు నొక్కేముందు తన చేతుల్నీ కాళ్ళనీ ఒకసారి లెక్క చూసుకునేవాడు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు, కొత్త పని దొరికే వయసు దాటినవాడు. దిగిపోలేక ఉన్నాడు.

తుఫాను మధ్యాహ్నం పూట ముంచుకొచ్చింది. గాలి పూర్తిగా లేచేలోపు ఉన్న అతుకులు దాటించి, పైపు కొస మూసి, అడుక్కి దించేయాలి. లేకపోతే ఓడ ఊపుకి పైపు మెలిపడి విరుగుతుంది. ఫోర్‌మన్ ఒంటికాలి మీద లేస్తున్నాడు. పూత దగ్గర మనుషుల్ని సామాన్లు కట్టడానికి పైకి తోలేసి, వంకరమూతిని ఒక్కణ్నే ఉంచాడు. "రెండు చేతులూ అక్కడ పెట్టుకు నించుంటే పనెవడు చేస్తాడ్రా?" అని, రెండు చెక్క మేకులు తెచ్చి, మీటలు రెండూ లోపలే ఉండేలా బిగగొట్టి పోయాడు.

యంత్రం గదిలో పట్టకారుకి ఇది తెలియదు. అతనికి కనబడింది ఒకటే. పోయిన లాగుడు అయీ అవకముందే పూత దీపం మళ్ళీ పచ్చగా వెలిగింది. కొత్త ఓడలో పూత చోటుని చూపించే కెమెరా తెర ఒకటి ఉంది, దాని వైపు చూశాడు. నీళ్ళ ఆవిరి అద్దాన్ని కప్పేసి తెర తెల్లగా ఉంది. మిగతా దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి, అన్నీ పచ్చన.

ఫోను మోగింది. ఫోర్‌మన్. "లాగు! ఏం చూస్తున్నావు?"

అచ్చు విడిపోయినప్పుడు దాని రెండు భాగాలూ వెనక్కి వాలి దభీమని పడతాయి. ఆ అదురు నేల గుండా అతని పాదాలకి ప్రతిసారీ తెలిసేది. ఇప్పుడు తెలియలేదు. అచ్చు ఇంకా పైపుని పట్టుకునే ఉంది, దాని దగ్గర వాడు ఉన్నాడు, దీపం మాత్రం పచ్చగా ఉంది. లాగితే చాలు. ఎవడూ వేలెత్తి చూపడు, దీపాలన్నీ సాక్ష్యం చెబుతాయి. అతని ఒళ్ళంతా సంతోషంతో వేడెక్కింది. లివరు కదిపాడు. పైపు జానెడు జరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఏ రాత్రీ దగ్గరికి రానివ్వనిది పట్టపగలు వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ రోజు కూడా ఇంతే. దీపాలన్నీ వెలిగాయి. టంగు టంగుమని సుత్తి దెబ్బలు మాత్రం వినపడలేదు. వినపడలేదని అతనికి తెలుసు. "ఈయన మరీ నిదానం" అని విసుక్కుని, సుత్తి కోసం ఆగకుండా లాగింది అతనే. దీపం అప్పిచ్చినవాడు అప్పే ఇచ్చాడు. అన్నని రోలరులోకి లాగింది ఈ చెయ్యి.

బ్రేకు మొత్తం తొక్కేశాడు. ఓడ ముందు నుంచి వెనక దాకా అదిరింది, గోడకున్న ఫోను ఊడి పడింది. ఫోర్‌మన్ మెట్లెక్కి గదిలోకి దూసుకొచ్చాడు.

"పిచ్చెక్కిందా? అన్నీ పచ్చగానే ఉన్నాయిగా!"

"చప్పుడు రాలేదు."

"ఏం చప్పుడు? నువ్వు లెయ్, నేను లాగుతా!"

ఫోర్‌మన్ అతన్ని కాలరు పట్టి లాగి, లివరు మీద చెయ్యి వేశాడు. పట్టకారు ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఎండు కట్టె విరిగినట్టు వినపడింది. ఫోర్‌మన్ పెట్టిన కేక గాలి హోరులో కూడా వెల్డర్ల దాకా వెళ్ళింది. అతన్ని మెట్ల మీదుగా కిందికి తోసి, యంత్రానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, పట్టకారు ఓడ చివరికి పరుగెత్తాడు.

ఆవిరిలో వంకరమూతి సగమే కనబడ్డాడు. అచ్చు గొళ్ళెం ఇరుక్కుపోతే విప్పబోయాడు, చొక్కా చెయ్యి గొళ్ళెంలో చిక్కింది. జానెడు జరిగిన పైపు అతన్ని రోలరు దాకా ఈడ్చి, రోలరు ఎముకకి ఆనేసరికి ఆగింది. ముంజేయి వేడి అచ్చుకి అంటుకుని చర్మం కాలుతోంది. పరుగెత్తుకొస్తున్న బావని చూసి, ఇక చావు వచ్చేసిందనుకున్నాడు. ఖాళీగా ఉన్న చేత్తో స్పానరు తిప్పి కొట్టాడు. పట్టకారు నుదురు చీరుకుపోయి కళ్ళలోకి రక్తం కారింది. ఇంకో దెబ్బ భుజం మీద పడింది. అతను పట్టించుకోలేదు. చొక్కా చేతిని రెండు చేతులా పట్టుకుని చింపాడు, గొళ్ళెం మీద కాలేసి తన్నాడు. అచ్చు దభీమని విడిపోయింది. కాలిన చర్మం కొంత దానికే ఉండిపోయింది. అతన్ని నడుం పట్టి ఎత్తి పసుపు గీత అవతలికి విసిరేశాడు.

ఇద్దరూ నేల మీద పడి రొప్పుతున్నారు. వంకరమూతి దవడ కప్పుకుని ముడుచుకున్నాడు.

"చంపేస్తే చంపెయ్ బావా, ఆలస్యం చెయ్యకు."

"ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు. ఏంటది?"

"ఆయనే నొక్కమన్నాడు బావా. 'నాదీ నొక్కెయ్ రా, అయిపోవచ్చింది' అన్నాడు. సుత్తి కొట్టేదాకా నువ్వు ఎలాగూ లాగవు కదా అని నొక్కాను."

పట్టకారు నుదుటి రక్తం తుడుచుకున్నాడు. కన్నీళ్ళు కూడా వచ్చాయి, అవి తుడుచుకోలేదు.

"సుత్తి వినపడలేదు రా. వినపడలేదని తెలిసే లాగాను. ఇప్పుడు కూడా లాగబోయాను, జానెడు లాగాను కూడా. ఆ చెయ్యి కాలింది నా వల్లే."

వంకరమూతి కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. దవడ మీది చెయ్యి దిగింది.

"కొట్టు," అన్నాడు పట్టకారు.

అతను కొట్టాడు. గొట్టంతో తాగిన గంజి, పిల్లలు చూసి జడుసుకున్న ముఖం, అక్క ఇంటికి వెళ్ళలేని అన్ని సంవత్సరాలూ ఆ ఒక్క పిడికిట్లోనే ఉన్నాయి. పట్టకారు తల వెనక్కి వెళ్ళి రోలరు దూలానికి కొట్టుకుంది. ముందు పన్ను నెత్తుటితో సహా నేల మీద పడింది. రెండో దెబ్బ కూడా పడింది, అది కడుపులో. మూడోదానికి వంకరమూతి చెయ్యి లేవలేదు. కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పైపుని ఆ సాయంత్రం వేరేవాళ్ళు దించారు. చెక్క మేకులు ఎవరు కొట్టారన్న దాని మీద విచారణ అన్నారు, అదింకా నడుస్తూనే ఉంది. విరిగిన మణికట్టు మాత్రం అందరికీ కనబడేది, కాబట్టి పట్టకారు ఉద్యోగం పోయింది. అతన్నీ, చెయ్యి కాలిన వంకరమూతినీ ఒకే పడవలో ఒడ్డుకి పంపారు. దారంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

భార్య తలుపు తీసింది. చేతిలో గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. నుదుటి కుట్లు చూసింది, తర్వాత నోరు చూసింది.

"పన్నేదీ?"

"ఊడిపోయింది. మీ తమ్ముడు కొట్టాడు."

అతను గుమ్మం అవతలే నిలబడి, సుత్తి సంగతీ, ఆ జానెడు సంగతీ, ఏదీ దాచకుండా చెప్పాడు.

"గట్టిగా కొట్టాడా?" అంది చివరికి.

"గట్టిగానే."

"చాలలేదు. వాడేడీ?"

"కింద, మెట్ల దగ్గర. కాళ్ళు విరగ్గొడతానన్నాను కదా. పైకి రానంటున్నాడు."

"అన్నది నువ్వు. నువ్వే పిలు."

అతను వెనక్కి తిరిగి మెట్ల కటకటాల దగ్గరికి వెళ్ళాడు. కింద చివరి మెట్టు మీద ఒక వీపు, మెడకి వేలాడుతున్న కట్టు కట్టిన చెయ్యి కనబడ్డాయి. పిలవడానికి నోరు తెరిచాడు. బావమరిదీ అనాలో, తమ్ముడూ అనాలో, ఏమనాలో తెలియలేదు. వెనక్కి వచ్చి భార్య చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. దాని పిడితో కటకటాల ఇనప చువ్వ మీద రెండు దెబ్బలు కొట్టాడు, టంగు టంగు అని.

కింద కూర్చున్నవాడు తల ఎత్తాడు. ఆ చప్పుడు పక్కనే ఏళ్ళ తరబడి పనిచేసినవాడు అతను. లేచి, మంచి చేత్తో కటకటాలు పట్టుకుని, మెట్లెక్కసాగాడు.